కచేరికి ఏ కెమెరా, ఏ కుర్చీ: తిరుపతి రసికులకు ఒక పోలిక

కచేరి ఫొటోలు తీయాలని ముచ్చటపడే మిత్రులు నన్ను మొదట అడిగే ప్రశ్న ఏ కెమెరా కొనాలన్నదే. పన్నెండేళ్ళుగా తిరుపతిలోను, అప్పుడప్పుడు చిత్తూరు, చెన్నై, బెంగళూరులలోను ఒక సాధారణ శ్రోతగా టికెట్టు కొనుక్కునో, ఉచిత ప్రవేశంలో వరుసలో నిలబడో కచేరీలు వింటూ ఫొటోలు తీస్తున్న అనుభవంతో నేను చెప్పే సమాధానం ఎప్పుడూ ఒకే క్రమంలో ఉంటుంది: ముందు ఏ వేదికకు వెళుతున్నారో తేల్చుకోవాలి, తరువాత ఎటువైపు కూర్చోవాలో నిర్ణయించుకోవాలి, ఆ రెండూ తేలాకనే కెమెరా గురించి ఆలోచించాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ఖరీదైన కెమెరా కొని దాన్ని లోపలికి రానివ్వని చోటికి మోసుకెళ్ళినవారిని, ముందు వరుసలో సరిగ్గా నడిమధ్యన కూర్చుని గాయకుడి ముఖానికి బదులు మైకును ఫొటో తీసుకుని వచ్చినవారిని నేను చాలామందిని చూశాను.

ఏ వేదికకు వెళ్ళాలి

తిరుపతి రసికులకు ఇంటి పక్కనే ఉన్న గొప్ప వసతి తిరుమల తిరుపతి దేవస్థానముల మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం. వైశాఖ పౌర్ణమికి అన్నమయ్య జయంతి, ఫాల్గుణ బహుళ ద్వాదశికి వర్ధంతి వచ్చినప్పుడు ఇక్కడ వరుసగా సంకీర్తనల కచేరీలు జరుగుతాయి, పుష్య బహుళ పంచమికి త్యాగరాజస్వామి ఆరాధన వస్తుంది, ఇవి కాక ఏడాది పొడుగునా ఏదో ఒక కార్యక్రమం ఉంటూనే ఉంటుంది. ప్రవేశం చాలావరకు ఉచితం కాబట్టి మంచి కుర్చీకి చెల్లించవలసిన ధర అరగంట ముందు రావడమే. ఫొటోలు నేర్చుకునేవారికి ఈ వేదికల్లో ఉన్న అసలైన లాభం వేరొకటి. ఒకే మందిరానికి పది సార్లు వెళితే అక్కడి దీపాలు ఎటునుంచి పడతాయో, వెనుక తెర ఏ రంగులో ఉంటుందో, ఏ వరుస నుంచి ఎంత భాగం కనిపిస్తుందో కంఠస్థమైపోతుంది. ఊరూరా తిరిగి పది కొత్త వేదికల్లో తీసినవారి కంటే ఒకే వేదికలో పది కచేరీలు తీసినవారికి త్వరగా చేయి తిరుగుతుందని నా గట్టి నమ్మకం.

తిరుమలలో శ్రీవారి ఆలయానికి ఎదురుగా ఉన్న నాదనీరాజనం వేదిక సంగతి పూర్తిగా వేరు. అది ఆరుబయట వేదిక. సాయంకాలపు వెలుగు తగ్గుతూ దీపాల వెలుగు పైచేయి సాధించే ఆ కొద్ది నిమిషాలు ఫొటోకు అపురూపమైనవి. కానీ ఆలయంలోకి ఫోన్లను, కెమెరాలను అనుమతించరు కనుక దర్శనం, కచేరి ఒకదాని వెంట ఒకటి పెట్టుకుంటే ఫోను భద్రపరచడంలో, తిరిగి తీసుకోవడంలో కచేరిలో కొంత భాగం జారిపోతుంది. దర్శనం ముందు రోజు ముగించుకుని సాయంత్రాన్ని కచేరికే కేటాయించుకోవడం మేలు. కొండపైన డ్రోన్లు నిషిద్ధం, ఆలయం ముందు రీల్స్ చిత్రీకరించవద్దని దేవస్థానం హెచ్చరించి ఉంది, పైగా శ్రీ వేంకటేశ్వర భక్తి ఛానల్ వారి కెమెరాలు పనిచేస్తుంటాయి కాబట్టి వాటికి అడ్డుగా లేచి నిలబడకూడదు. అక్కడికి నేను ఫోను తప్ప ఏమీ తీసుకువెళ్ళను, అదైనా రెండు మూడు సార్లకు మించి బయటకు తీయను.

చిత్తూరువారికి నాగయ్య పేరు మీద ఉన్న కళాక్షేత్రం దగ్గరి వేదిక. గాయకుడిగా, నటుడిగా ఆ ఊరి పేరును ఇంటిపేరుగా చేసుకున్న చిత్తూరు నాగయ్య జ్ఞాపకార్థం వెలసిన ఆ మందిరానికి తిరుపతి నుంచి దాదాపు 70 కిలోమీటర్లు వెళ్ళి రావడం ఒక సాయంత్రపు పని.

చెన్నై దాదాపు 150 కిలోమీటర్ల దూరం. డిసెంబరు, జనవరి నెలల్లో అక్కడ జరిగే మార్గళి సంగీతోత్సవానికి ఒక్కసారైనా వెళ్ళని కర్ణాటక సంగీతాభిమాని తిరుపతిలో అరుదు. 1928లో ఏర్పడిన మద్రాసు సంగీత అకాడమీ మొదలుకొని చిన్న సంగీత సభల దాకా అక్కడ నియమాలు మన దగ్గరికంటే కఠినంగా ఉంటాయి, శ్రోతలు కూడా కెమెరా చప్పుడును సహించరు. ఆ ప్రయాణానికి నా సలహా సూటిగానే ఉంటుంది: కెమెరా ఇంట్లో వదిలి, వినడానికే వెళ్ళండి. ఫొటోలకు మీ ఊరు ఉంది.

బెంగళూరు మైదానాల్లో జరిగే సినీ సంగీత కచేరీలు మరో ప్రపంచం. దాదాపు 250 కిలోమీటర్లు ప్రయాణించి, ఖరీదైన టికెట్టు కొని వెళ్ళేవారు ఆ టికెట్టు వెనుక ఉన్న షరతులను తప్పక చదవాలి, ఎందుకంటే లెన్సు విడదీసి మార్చుకునే కెమెరాలను శ్రోతలు తీసుకురాకూడదన్నది ఇటువంటి కార్యక్రమాల్లో సర్వసాధారణమైన షరతు. గేటు దగ్గర ఆపితే కెమెరాను ఎక్కడ పెట్టాలో తెలియక పాట పోగొట్టుకోవలసి వస్తుంది. శబ్దం గురించి కూడా ఒక మాట చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ఇటువంటి వేదికలకు సగటున 100 డెసిబెళ్ళను గరిష్ఠ పరిమితిగా సూచించింది, స్పీకర్ల పక్కన ఆ పరిమితి దాటడం అసాధారణం కాదు. మంచి ఫొటో కోసం స్పీకరు పక్కకు చేరేవారు చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు వెంట ఉంచుకోవడం అవసరం. అవి చాలా చౌక, చెవి పోతే తిరిగి రాదు.

ఎటువైపు కూర్చోవాలి

ఈ విషయం మీద నేను కొంచెం ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే ఖర్చు లేకుండా ఫొటోను మార్చగలిగేది కుర్చీ ఒక్కటే.

కర్ణాటక కచేరిలో కూర్చునే పద్ధతి స్థిరమైనది. గాయకుడు మధ్యలో, ఆయన కుడివైపున మృదంగం, ఎడమవైపున వయొలిన్ ఉంటాయి. అంటే శ్రోతల వైపు నుంచి చూస్తే మృదంగం ఎడమన, వయొలిన్ కుడిన కనిపిస్తాయి. మృదంగ విద్వాంసుడు గాయకుడి వైపు తిరిగి కూర్చుంటాడు కాబట్టి నల్లటి పూత ఉన్న కుడి ముఖం శ్రోతలకు ఎదురుగా వస్తుంది, నాదం నేరుగా మనకు చేరుతుంది. మృదంగ విద్వాంసుడిది ఎడమచేతి వాటమైతే ఈ స్థానాలు తారుమారు కావలసి వస్తుంది, వెనుకటి తరంలో అటువంటి మృదంగ విద్వాంసుడైన పళని సుబ్రహ్మణ్య పిళ్ళై కచేరీల్లో ఈ సమస్య ప్రసిద్ధం. ఘటం, కంజీర, మోర్సింగు వంటి ఇతర లయవాద్యాలు వెనుక వరుసలో గాని పక్కన గాని ఉంటాయి, తంబురా వెనుక ఉంటుంది.

ఈ అమరిక తెలిస్తే ఎంపిక సులువు. మీకు మృదంగ విద్వాంసుడి ముఖం, ఆయన వేళ్ళు కావాలంటే సభలో మన కుడివైపు కూర్చోవాలి, ఎందుకంటే ఆయన చూపు అటే ఉంటుంది. వయొలిన్ విద్వాంసురాలి ముఖం కావాలంటే ఎడమవైపు కూర్చోవాలి. ఈ సంగతి తెలియనివారు తమకు ఇష్టమైన వాద్యం ఎటు ఉందో అటే వెళ్ళి కూర్చుని, కళాకారుడి వీపు, భుజం మాత్రమే తీసుకుని వస్తారు. నేను కూడా మొదటి ఏడాదంతా అలాగే తీశాను.

సరిగ్గా మధ్యన కూర్చోవడం వినడానికి బాగుంటుంది, ఫొటోకు మాత్రం బాగుండదు. గాయకుడి నోటికి ఎదురుగా మైకు, దాని కడ్డీ ఉంటాయి, మధ్యనుంచి తీస్తే పెదవులు, గడ్డం పూర్తిగా కప్పుకుపోతాయి. మధ్య నుంచి నాలుగైదు కుర్చీలు పక్కకు జరిగితే మైకు ముఖం మీద నుంచి తొలగిపోతుంది, వినికిడిలో పెద్ద తేడా రాదు. గాయని తాళం వేసే చేయి ఏదో చూసుకుని ఆ వైపు జరిగితే తొడ మీద పడే అరచేయి కూడా ఫొటోలోకి వస్తుంది. వరుసల విషయానికి వస్తే, వేదిక ఎత్తుగా ఉన్న మందిరాల్లో మొదటి వరుస కంటే నాలుగు నుంచి ఏడో వరుస దాకా మంచిది. మొదటి వరుసలో తలెత్తి తీయవలసి వస్తుంది, కూర్చున్న కళాకారుడి మోకాళ్ళు, మానిటరు స్పీకర్లు ముందుకు వచ్చి ముఖం చిన్నదవుతుంది. నడిచే దారి పక్కనున్న కుర్చీ దొరికితే అన్నిటికంటే మేలు, ఒక వైపైనా ఎవరి మోచేయీ తగలదు, మన వల్ల ఎవరికీ ఇబ్బంది కలగదు.

ఫోనా, జూమ్ కెమెరానా, లెన్సు మార్చే కెమెరానా

దూరాన్ని లెక్కలోకి తీసుకోకుండా కెమెరాలను పోల్చడం వృథా. కళాకారులు మీకు 10 మీటర్ల దూరంలో ఉన్నారనుకుందాం, ఇది సుమారుగా ముందు వరుసల దూరం. ఫోను ప్రధాన లెన్సు సాధారణంగా 24 మిల్లీమీటర్లకు సమానం (ఈ అంకె పెరిగేకొద్దీ దృశ్యం దగ్గరగా, ఇరుకుగా కనిపిస్తుంది), ఆ దూరంలో అది 15 మీటర్ల వెడల్పును పట్టుకుంటుంది, అంటే వేదిక మొత్తం వస్తుంది, మనుషులు చీమలంత కనిపిస్తారు. మూడు రెట్ల జూమ్ లెన్సు ఉన్న ఫోనులో 5 మీటర్లు వస్తాయి, గాయకుడు, ఇద్దరు పక్కవాద్యాలవారు హాయిగా ఇముడుతారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, అంటే బొమ్మను పట్టే పలక (సెన్సరు) పెద్దగా ఉన్న కెమెరాకు, 85 మిల్లీమీటర్ల లెన్సు పెడితే 4.2 మీటర్లు, 200 మిల్లీమీటర్లకు 1.8 మీటర్లు, అంటే ఒక్క గాయకుడు నడుము దాకా. దూరం 20 మీటర్లయితే ఈ కొలతలన్నీ రెట్టింపవుతాయి. మీరు మామూలుగా ఏ వరుసలో కూర్చుంటారో, ఒక్కరిని తీయాలో ముగ్గురిని తీయాలో ఈ లెక్కకు పెట్టి చూసుకుంటే సగం సందేహాలు తీరుతాయి.

ఫోనుకున్న బలం అది జేబులో ఉండటం, ఎవరూ అభ్యంతరం చెప్పకపోవడం. దాని బలహీనత వెలుతురు తక్కువైనప్పుడు బయటపడుతుంది. చాలా ఫోన్లు మందిరంలో వెలుతురు చాలకపోతే జూమ్ లెన్సును వాడకుండా ప్రధాన లెన్సు చిత్రాన్నే కత్తిరించి పెద్దది చేసి చూపిస్తాయి. పరీక్షించడం తేలిక: జూమ్ పెట్టి, జూమ్ లెన్సు మీద వేలు మూయండి, తెర మీద బొమ్మ అలాగే ఉంటే అది జూమ్ కాదు. రాత్రి మోడ్ అనేక చిత్రాలను కలిపి ఒకటి చేస్తుంది కనుక కదలని తంబురాను అందంగా చూపిస్తుంది, మృదంగం మీది వేళ్ళను మసకబారుస్తుంది. ముఖం మీద కొద్దిసేపు వేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, వెలుతురును స్థిరం చేసి, ఆ తరువాత వెలుతురును కొంచెం కిందికి లాగితే జరీ అంచులు, తెల్లటి పంచెలు తెల్లని మచ్చలుగా మారకుండా నిలుస్తాయి. తెర కాంతిని బాగా తగ్గించడం మాత్రం మరువకూడదు, చీకటి మందిరంలో వెనుకనున్న పదిమందికి ఆ వెలుగు కంట్లో పొడుస్తుంది.

లెన్సు విడిపోని జూమ్ కెమెరాల్లో ఒక అంగుళపు సెన్సరు అని పిలిచే రకం ఒకటి ఉంది. పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 దీనికి మంచి ఉదాహరణ, 25 నుంచి 400 మిల్లీమీటర్లకు సమానమైన జూమ్, ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4 దాకా ద్వారం (వెలుతురు లోపలికి వచ్చే సందు, అంకె చిన్నదైతే సందు పెద్దది) ఉన్న ఈ కెమెరా 2014లో వచ్చింది, వాడినవి ఇప్పటికీ చేతులు మారుతుంటాయి. దీని సెన్సరు నిజానికి 13.2 × 8.8 మిల్లీమీటర్లే, ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సరు ఉండే ఏపీఎస్-సీ కెమెరాల సెన్సరు వైశాల్యంలో ఇది మూడో వంతు దాకా ఉంటుంది. వెనుక వరుసల్లో కూర్చునేవారికి, గోవిందరాజస్వామి బ్రహ్మోత్సవాల్లో వాహనసేవ ముందు నడిచే నాదస్వరం, డోలు బృందాలను వీధిలో తీయాలనుకునేవారికి ఇంతకంటే అనువైనది లేదు. లెన్సు విడదీయలేనిది కావడం వల్ల కొన్ని గేట్లు దాటుతుంది. కానీ నియమాన్ని రాసినవారికి, కాపలా ఉన్నవారికి మధ్య అర్థం తేడా రావచ్చు, ముందుగా అడిగి తెలుసుకోవడమే క్షేమం.

లెన్సు మార్చే కెమెరాతో పాటు వచ్చే మామూలు జూమ్ లెన్సు కచేరికి పనికిరాదు. దూరపు చివరన దాని ద్వారం ఎఫ్/5.6 దగ్గర ఆగిపోతుంది. అదే ఎఫ్/1.8 లెన్సు దానికంటే దాదాపు పది రెట్లు ఎక్కువ వెలుతురును లోపలికి తీసుకుంటుంది. కెమెరా పాతదైనా ఫరవాలేదు, లెన్సు మాత్రం ఇటువంటిదే కావాలి. 50 మిల్లీమీటర్ల ఎఫ్/1.8 లెన్సు చాలా కంపెనీల్లో అన్నిటికంటే చౌకైన వాటిలో ఒకటి, కానన్ వారి లెన్సు బరువు దాదాపు 160 గ్రాములే. ఏపీఎస్-సీ కెమెరాకు పెడితే 10 మీటర్ల దూరంలో 4.7 మీటర్లు వస్తాయి, ముగ్గురి చిత్రానికి సరిపోతుంది. ఒక్కొక్కరి ముఖాలు కావాలనుకునేవారు 85 మిల్లీమీటర్ల ఎఫ్/1.8కు వెళ్ళాలి. 70–200 ఎఫ్/2.8 లెన్సు చిత్రాలు నిస్సందేహంగా అందరికంటే బాగుంటాయి. నేను దాన్ని మూడేళ్ళు మోశాను. చాలా రకాల్లో అది కిలోన్నర దాకా బరువు ఉంటుంది, రెండు గంటలు ఎత్తి పట్టుకుంటే చేయి వణుకుతుంది, పక్కన కూర్చున్న పెద్దవారి ముందు నుంచి పొడుచుకు వస్తుంది, గాయకుడు కూడా దాన్ని గమనించి సర్దుకుంటాడు. పత్రికల కోసం తీసేవారికి అది అవసరం. శ్రోతగా వచ్చినవారికి వద్దని చెబుతాను.

ఈ మూడింటిలో ఒకటి చెప్పమంటే, ఇప్పుడే మొదలుపెడుతున్నవారు ఒక ఏడాది ఫోనుతోనే గడపాలి. ఏడాది తరువాత తాము ముందు వరుసల మనుషులమని, తిరుపతి మందిరాలకే ఎక్కువగా వెళుతున్నామని తేలితే వాడిన ఏపీఎస్-సీ కెమెరా, దానికి ఒక్క ఎఫ్/1.8 లెన్సు కొనాలి. ఉత్సవాలు, మైదానాలు, వెనుక వరుసలు తమ దారి అని తేలితే జూమ్ కెమెరా కొనాలి. ఏది కొనేముందైనా తెలిసిన పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు దగ్గర ఒక సాయంత్రానికి అరువు తెచ్చుకుని, తాము వెళ్ళే మందిరంలోనే వాడి చూడాలి.

ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

కెమెరా ఉన్నవారు షట్టరు వేగాన్ని 1/100 సెకను దగ్గర మొదలుపెట్టడం మంచిది. మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు కాబట్టి చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, అంతకంటే వేగంగా తీస్తే, ముఖ్యంగా చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షట్టరుతో తీస్తే, ఫొటో మీద అడ్డంగా చారలు పడతాయి. గాయకుడికి 1/100 చాలు, మృదంగం వేళ్ళకు 1/250 కావాలి, అక్కడ చారలు పడుతున్నాయేమో ఒకటి రెండు తీసి చూసుకోవాలి. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సరు స్పందించే స్థాయి) 3200 అన్నా భయపడనక్కర లేదు, ఇసుక రేణువుల్లాంటి నలుసులు భరించవచ్చు, కదిలిపోయిన ముఖాన్ని ఎవరూ బాగుచేయలేరు. ఊదా, ఎరుపు దీపాలు ముఖాన్ని మింగేసినప్పుడు నలుపు తెలుపుగా మార్చడం చాలాసార్లు ఫొటోను కాపాడుతుంది.

ఫ్లాష్ ఎప్పుడూ వద్దు, అది వేదిక దాకా చేరదు, ముందు వరుసల తలలను మాత్రమే వెలిగిస్తుంది. దానితో పాటు చీకట్లో ఫోకస్ కోసం కెమెరా వెలిగించే చిన్న దీపాన్ని కూడా ఆపివేయాలి. ఒక మందిరంలో నా కెమెరా నుంచి ఆ ఎర్రటి వెలుగు రాగాలాపన మధ్యలో వయొలిన్ విద్వాంసురాలి కళ్ళ మీద పడింది. ఆమె కళ్ళు తెరిచి ఇటు చూశారు, కమాను ఆగలేదు గాని ఆ క్షణం చెదిరింది. నాకు ఇప్పటికీ బాధ కలిగించే తప్పు అది.

అందుకే నేను రాగాలాపనలో, విరుత్తంలో, అంటే తాళం లేకుండా సాగే భాగాల్లో, కెమెరా ఎత్తను. శ్రుతి సరిచూసుకునే మొదటి రెండు నిమిషాలు చాలా మంచివి, ముఖాలు సహజంగా ఉంటాయి, ఎవరి ఏకాగ్రతా చెదరదు. స్వరకల్పనలో (సరిగమలను అప్పటికప్పుడు అల్లే భాగంలో) గాయకుడు ఒక వరుస పాడి వయొలిన్ వైపు తిరిగే క్షణాన ఇద్దరి చూపులు కలుస్తాయి, కచేరి మొత్తంలో నాకు ఇష్టమైన ఫొటో అదే. తని ఆవర్తనం (లయవాద్యాలవారు మాత్రమే వాయించే భాగం) మొదలయ్యాక లయవాద్యాల ధ్వనిలో షట్టరు చప్పుడు కలిసిపోతుంది, గాయకుడు తాళం వేస్తూ చిరునవ్వుతో వింటుంటాడు, కావలసినన్ని తీసుకోవచ్చు. మంగళం పాడేటప్పుడు కెమెరా సంచిలోకి వెళ్ళిపోవాలి.

వీడియో విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. 1957 నాటి కాపీరైటు చట్టం కళాకారులకు తమ ప్రదర్శన మీద 50 ఏళ్ళ పాటు హక్కు ఇస్తుంది. సొంతంగా విని నేర్చుకోవడానికి చేసుకున్న రికార్డింగును చట్టం తప్పు పట్టదు, దాన్ని అనుమతి లేకుండా అందరికీ పంచడం వేరు. మందిరం నియమం దీనికి అదనం, అక్కడ వద్దంటే సొంతానికి కూడా వద్దు. ఫొటో అయినా పంచేముందు కళాకారుల పేర్లు, పక్కవాద్యాలవారి పేర్లతో సహా, సరిగా రాయాలి.

వెనుక వరుసలో కూర్చున్న ఘటం విద్వాంసుడికి తన ఫొటో దొరకడం అరుదు, అందరి కెమెరాలూ గాయకుడి మీదే ఉంటాయి. తని ఆవర్తనంలో ఆయన కుండను గాల్లోకి ఎగరేసి పట్టుకున్న ఒక్క చిత్రం సరిగా పడితే, కచేరి అయ్యాక వేదిక దిగే మెట్ల దగ్గర కాసేపు ఆగి, ఆయనను అడిగి, అక్కడికక్కడే ఫోనుకు పంపండి.